అమ్మాయి అని ఉన్న వరుసలు

మార్కాపురం,
14 జూన్ 2023.

సుబ్బులు గారికి,

కామేశ్వరి రాస్తున్నాను. మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. జవాబు ఉత్తరంలోనే ఇవ్వండి. ఫోన్ చేయవద్దు. ఫోను దుకాణంలో ఉంటుంది, మా అమ్మ ఎత్తుతుంది. గిద్దలూరు పేరు విన్న పూట ఆమె అన్నం తినదు.

నాయన కంప్యూటర్ నేను తెచ్చుకున్నందుకు మీకూ మీ అమ్మ కోటిరత్నం గారికీ కష్టంగా ఉంటుందని తెలుసు. పదకొండో రోజు దాటిన మర్నాడే ఆటో తెచ్చి ఎక్కించుకుపోయిందని మీ వీధిలో అనుకున్నారట. అనుకోనీ. ముప్పై నాలుగేళ్ళు మనిషే మీ ఇంట్లో ఉన్నాడు. ఒక డబ్బా మా ఇంట్లో ఉంటే ఏం పోయింది?

సంగతి ఏమిటంటే, ఆయన పంతొమ్మిదేళ్ళు రోజూ రాసుకున్న డైరీ అంతా అందులో ఉంది కదా. దాంట్లో నాకు ఒక మాట వెతకాలి. మా పాత్రల దుకాణం స్థలం తాలూకు పాత పత్రం గురించి. డబ్బాతోపాటు తెచ్చుకున్న ఆయన నోట్‌బుక్కులో ‘అన్ని ఫోల్డర్లలో మాట వెతకాలంటే’ అని రాసి కింద ఒక కమాండ్ ఉంది. సోమవారం పొద్దున అదే కొట్టాను. కర్సర్ కింది వరుసకు దిగి నిలబడింది. ఇవాళ బుధవారం. ఇంకా నిలబడే ఉంది. దొరికింది అనదు, లేదు అనదు, తప్పు కొట్టావు అని కూడా అనదు.

ఇక్కడ కంప్యూటర్లు బాగుచేసే ఓబన్నను పిలిపిస్తే, ఇది విండోస్ కాదు, లినక్స్, నాకు తెలియదని చేతులు దులుపుకొన్నాడు. ఆ యంత్రం గుట్టు తెలిసినవాళ్ళు ఇక మీరొక్కరే. అందుకని రాస్తున్నాను. వేరే కారణం ఏమీ లేదు.

కామేశ్వరి


గిద్దలూరు,
19 జూన్ 2023.

అక్కకు నమస్కారం.

ఉత్తరం శనివారం అందింది. నాకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. బల్ల మీద యంత్రం ఉన్నంత మేర దుమ్ము పట్టని మచ్చ ఒకటి ఉంది. అమ్మ ఆ బల్లను తుడవనివ్వడం లేదు. సరే, ఆ మాట వదిలెయ్.

వెతుకులాటను ఆపవద్దు, యంత్రాన్ని కట్టేయవద్దు. నిలిచిపోయిందని పైకి కనిపించేవన్నీ ఒకటి కాదు. నిజంగా పని చేస్తూనే ఆలస్యం కావచ్చు. డిస్కు చెడిపోయి ఒకచోట పీక్కుంటూ ఉండవచ్చు. లేదా దేనికోసమో ఎదురుచూస్తూ ఉండవచ్చు. డిస్కే చెడి ఉంటే మాత్రం వెంటనే ఆపేయాలి. ఆ డైరీకి ఇంకో నకలు లేదు. పోతే పోయినట్టే.

ఇంకో నల్ల కిటికీ తెరిచి ps aux అని కొట్టు. బోలెడు వరుసలు వస్తాయి. చివర్లో grep అని, అంటే నువ్వు కొట్టిన వెతికే కమాండ్ పేరు, ఉన్న వరుస పట్టుకొని, ఒక్క అక్షరం వదలకుండా కాగితం మీద దించి పంపు. ఎనిమిదో గడిలో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అది R అయితే పని చేస్తోందని, D అయితే డిస్కు దగ్గర ఇరుక్కుందని, S అయితే ఎదురుచూస్తోందని. పెట్టె ముందున్న చిన్న దీపం మినుకుతోందో లేదో కూడా చూడు.

నేను ఇక్కడ కంప్యూటర్ సెంటరులో పిల్లలకు పాఠాలు చెప్తాను. ఇలాంటివి రోజూ చూస్తుంటాను. భయపడకు.

సుబ్బులు


మార్కాపురం,
26 జూన్ 2023.

సుబ్బులు గారికి,

మీరడిగిన వరుస ఇది. ఎనిమిదో గడిలో S, పక్కన కూడిక గుర్తు. తర్వాత గడిలో మొదలైన తేదీ. ఆ తర్వాత 0:03 అని ఉంది. చివర:

grep -r ....... .

చుక్కలు పెట్టినచోట నేను వెతికే మాట ఉంది. అది మీకు అనవసరం. దీపం మినకడం లేదు.

నోట్‌బుక్కు ఇవాళ మొత్తం తిరగేశాను. వెనక పేజీలన్నీ మీ చిన్నప్పటి చేతిరాతే. ‘ఇది ఎందుకు?’ అని మీరు రాస్తే, కింద ఆయన ఎర్ర ఇంకుతో జవాబు రాశాడు. ఒక పేజీలో మీరు తప్పు రాస్తే ‘భలే తప్పు’ అని కూడా రాశాడు. నాకు పదేళ్ళప్పుడు ఆయనకు గిద్దలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి బదిలీ అయింది. ఆర్నెల్లలో వస్తానని ట్రంకుపెట్టె పట్టుకొని పోయాడు. అప్పటికి నాకు పదమూడో ఎక్కం రాదు. వచ్చాక నేర్పుతానన్నాడు. తర్వాత మా గడప తొక్కలేదు.

మీకు చెప్పాలని కాదు. కాగితంలో చోటు మిగిలింది.

కామేశ్వరి


గిద్దలూరు,
3 జూలై 2023.

అక్కకు,

డిస్కు బాగుంది. ఆ S చూశాక నాకు ప్రాణం లేచి వచ్చింది. 0:03 అంటే, ఇన్ని రోజుల్లో అది మొత్తం మూడు సెకన్లే పని చేసింది. మిగతా కాలమంతా ఊరికే కూర్చుంది.

ఎక్కడ కూర్చుందో నాకు తెలుసు. ఇంకో కిటికీలో find . -type p అని కొట్టి చూడు. kaburlu అని ఒక పేరు వస్తుంది. అది ఫైలులాగే కనిపిస్తుంది గానీ ఫైలు కాదు, పైపు. ఒక కిటికీలో దాంట్లోకి రాస్తే ఇంకో కిటికీలో చదువుకోవచ్చు. అవతల ఎవరూ రాయకపోతే చదివేది కదలదు. ఇప్పటి సిస్టంలలో వెతికే కమాండ్ ఇలాంటివి తగిలితే దాటిపోతుంది. నాయనది 2008లో వేసిన సిస్టం. మారుద్దామంటే వద్దనేవాడు. అందుకని ఆ పాత కమాండ్ దాన్ని తెరవబోయి, ఎవరైనా రాస్తారేమోనని అక్కడే ఆగింది.

ఆ పైపును పాఠం కోసం నాయనే చేశాడు. ఒకే తెరమీద రెండు కిటికీలు పెట్టి, ‘ఆకలైతాందా?’ అని ఒకదాంట్లో ఆయన కొడితే రెండోదాంట్లో నేను చదివేదాన్ని. ఇది రాస్తే నీకు మళ్ళీ మంట పుడుతుందని తెలుసు. కానీ కారణం అడిగావు, కారణం ఇదే.

ముందు కంట్రోల్ పట్టుకొని C కొట్టి పాతదాన్ని ఆపు. తర్వాత ఇలా కొట్టు:

grep -r -D skip Subbulu .

పైపుల్లాంటివి వదిలేసి వెతకమని దీని అర్థం. చివరి చుక్క మరవకు, అది లేకపోయినా మళ్ళీ ఇట్లాగే ఆగుతుంది.

వెతికే మాట నాకెలా తెలిసిందంటావేమో. నువ్వు సరిగ్గా ఏడు చుక్కలు పెట్టావు అక్కా. ఒక్క అక్షరం వదలవద్దని నేనే చెప్పాను మరి. నాయన తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. వాటిలో నా పేరు ఏడక్షరాలు. దుకాణం పత్రం సంగతి నేను నమ్మలేదు.

నీ సుబ్బులు


మార్కాపురం,
10 జూలై 2023.

సుబ్బులుకు,

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నీ పేరు ఒక్కచోట కూడా లేదు.

మొదట సంతోషించాను. దాచడం ఎందుకు? లేచి మంచినీళ్ళు తాగి వచ్చి, నా పేరు కొట్టాను. తొమ్మిది అక్షరాలు. నాలుగు నిమిషాలు. నేను కూడా లేను.

పంతొమ్మిదేళ్ళు రోజూ రాసిన మనిషి ఇద్దరు కూతుళ్ళ పేర్లు ఒక్కసారైనా రాయలేదంటే ఎవరు నమ్ముతారు? ఆయన పోయిన రోజు నుంచి నేను ఆటో తెచ్చేదాకా ఆ యంత్రం నీ చేతిలోనే ఉంది. కమాండ్లన్నీ నీకు వచ్చు. నా పేరున్నచోటల్లా తుడిచి, అనుమానం రాకుండా నీ పేరు కూడా తుడిచావా? ఒట్టేసి చెప్పు. ఇన్నాళ్ళు మీరు మీరు అని రాశాను. ఇక రాయలేను.

కామేశ్వరి


గిద్దలూరు,
17 జూలై 2023.

అక్కకు,

పేరున్న వరుస ఒక్కటి కూడా నేను తుడవలేదు. మా అమ్మ మీద ఒట్టు.

పోయిన అక్టోబరులో నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఉతికిన బట్టల కోసం ఇంటికి వచ్చాను. బట్టలు సంచిలో పెట్టుకొని, బస్సుకు ఇంకా గంట ఉందని యంత్రం ముందు కూర్చున్నాను. ముందు నీ పేరు వెతికాను. నా పేరు తర్వాత. నీకు వచ్చిన జవాబే నాకూ వచ్చింది. ఆ రోజు బస్సు తప్పిపోయింది.

నాయన పేర్లు రాసేవాడు కాదు. అమ్మను ‘ఇంట్లో’ అని, మీ అమ్మను ‘మార్కాపురంలో’ అని రాసేవాడు. మనిద్దరినీ ఒకటే మాట. ammayi అని కొట్టి చూడు. ఈ సంగతి మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉండవచ్చు. చెప్పబుద్ధి కాలేదు. నువ్వు వెతికి వెతికి ఏమీ దొరకక లేచిపోతావని అనుకున్నాను.

వచ్చిన వరుసలు రాసి పంపు. ఫైలు పేర్లే తేదీలు. ఏ అమ్మాయి ఎవరో తేదీని బట్టి తేల్చుకుందాం. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు.

సుబ్బులు


మార్కాపురం,
21 ఆగస్టు 2023.

సుబ్బులుకు,

అరవై మూడు వరుసలు. శ్రావణమాసం, దుకాణంలో ఊపిరాడని గిరాకీ. అందుకే ఆలస్యం. 2012, 2013 ఫోల్డర్లు ఎందుకో ఖాళీగా ఉన్నాయి. ఆ రెండేళ్ళు రాయడం మానేశాడేమో.

‘అమ్మాయికి లెక్కల పరీక్ష. బాగ రాసినా అంటాంది’, 2005. నువ్వే. ‘అమ్మాయి స్కూటర్ నేర్చుకుంటాంది. మోకాలు చీరుకొనింది’, నువ్వే. జ్వరం నువ్వే, కళ్ళజోడు నువ్వే, మొదటి జీతం నువ్వే. యాభై ఎనిమిది వరుసలు నువ్వే. రాస్తూ ఉంటే నా చెయ్యి నాకే బరువైంది. నీ కళ్ళజోడు ఫ్రేము రంగు కూడా రాశాడు.

నావి చెప్తాను. 2009 ఆగస్టు 21: ‘అమ్మాయి ఇంటి ఫోను నాలుగు దినాల నుంచి చచ్చి ఉంది. కంప్లైంటు ఇయ్యలేదు. సెలవు పెట్టి పోయి లైన్‌మన్‌ను స్తంభం ఎక్కించినా. వానకు జాయింటు తడిసింది. కింద నుంచి రింగు ఇచ్చి చూసినా. అమ్మాయి ఎత్తింది. నేను మాట్లాడలేదు.’ నాకు ఆ రింగు గుర్తుంది. ఎవరూ పలకకపోతే విసుక్కొని పెట్టేశాను. ఇంకో రెండు కూడా ఫోను సంగతులే, అవీ నావే.

2022 ఏప్రిల్ 4: ‘కొత్త జిల్లాలు వచ్చినాయి. రెండు ఊర్లు ప్రకాశంలోనే ఉన్నాయి. అమ్మాయి, నేను ఒక్క జిల్లాలోనే.’ ఒకే ఇంట్లో ఉన్నదానికి జిల్లాతో పనేముంది? ఇది నాది.

ఇంకొకటి. 2004 నవంబరు 17: ‘ఈ పొద్దు అమ్మాయి నన్ను నాయన అనింది.’ ఇది కూడా నాదే. ఆ ఏడు ఏదో పెళ్ళికని గిద్దలూరు వచ్చాను. బస్టాండులో ఆయన కనిపించాడు. నాకు తెలియకుండానే నోటి నుంచి ‘నాయనా’ అని వచ్చేసింది. ఆయన ఆగి చూశాడు. అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నీకు యాభై ఎనిమిది, నాకు అయిదు. ఈ అయిదింటి దగ్గర బేరం లేదు.

కామేశ్వరి


గిద్దలూరు,
30 ఆగస్టు 2023.

కామేశ్వరి గారికి,

వరుసలు అందాయి. 2004 నవంబరు 17 మీదేనన్నారు. సరే, మీదే.

సుబ్బులు


మార్కాపురం,
20 నవంబరు 2023.

సుబ్బులుకు,

నువ్వు జవాబు రాయక మూడు నెలలు కావస్తోంది. మధ్యలో నేను రాసిన రెండు కార్డులు అందాయో లేదో తెలియదు. అందే ఉంటాయి.

ఆ రోజు నేను గిద్దలూరు రాలేదు. పెళ్ళి లేదు, బస్టాండు లేదు. ఆయన వెళ్ళిపోయాక నేను ‘నాయన’ అని ఎవరినీ పిలవలేదు. ఆ వెతికే కమాండ్ మాట ఉన్న వరుసను మాత్రమే చూపిస్తుంది కదా. నేను ఆ ఫైలు తెరిచి మిగతాది కూడా చదివాను. చదివాకే నీకు అబద్ధం రాశాను. మొత్తం ఇది:

‘బడిలో సంతకానికి పిలిస్తే పోయినా. హెడ్మిస్ట్రెస్ దానమ్మ మేడం, ఈ సారు నీకేమైతాడు అని అడిగింది. మా నాయన అనింది. తల ఎత్తి అనింది. పిల్లోల్లందరు విన్నారు. ఈ పొద్దు అమ్మాయి నన్ను నాయన అనింది. తిరిగొచ్చేటప్పుడు ఎవురితోను మాట్లాడబుద్ధి కాలేదు.’

యాభై ఎనిమిది వరుసలు చదివినప్పుడు ఓర్చుకున్నాను. ఇది మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఆ పిలుపు మొదట నాది. పదేళ్ళు నేనొక్కదాన్నే పిలిచాను. దాని గురించి ఆయన ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. రాసే యంత్రం అప్పుడు లేదని నాకు తెలుసు. తెలిసినా కుళ్ళు ఆగలేదు. నీ వరుస తీసుకొని నా పేరు తగిలించుకున్నాను.

నువ్వు ‘సరే, మీదే’ అని రాశావు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. అప్పటి నుంచి ఆ ‘గారు’ నా గొంతులో అడ్డం పడి ఉంది. ఆ వరుస నీది. తీసుకో.

కామేశ్వరి


గిద్దలూరు,
4 డిసెంబరు 2023.

అక్కకు,

కార్డులు అందాయి. ఆ వరుస నీదని నువ్వు రాసింది చదివిన నిమిషంలోనే అబద్ధమని నాకు తెలుసు. ఆ రోజు నా ఒంటి మీద ఏ రంగు రిబ్బన్లు ఉన్నాయో కూడా గుర్తుంది. మా అమ్మ నన్ను బయట ఆయన్ను ‘సారు’ అనమని పెంచింది. ఇంట్లో నాయన, గడప దాటితే సారు. ఎవరైనా ఏదైనా అంటారని భయం. తొమ్మిదో తరగతిలో ఆ రోజు నోటికొచ్చిన అబద్ధం చెప్పలేక నిజం చెప్పాను. ఇంటికి వచ్చాక అమ్మ కొట్టింది. నాయన అడ్డం రాలేదు. బయట అరుగు మీద కూర్చొని ఉండిపోయాడు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. ఎందుకు కూర్చున్నాడో ఇంతకాలానికి నీ ఉత్తరంలో చదివాను. ఎన్నిసార్లు చదివానో చెప్పను.

మరి నువ్వు అబద్ధం రాసినప్పుడే ఎందుకు దెబ్బలాడలేదంటే, నాకు ఆ హక్కు లేదు. పేరున్న వరుస తుడవలేదని ఒట్టు వేశాను. అది నిజం. కానీ 2012, 2013 ఫోల్డర్లు ఖాళీ చేసింది నేనే. తుడవలేదు, ఒక పెన్ డ్రైవులోకి మార్చి బీరువాలో పెట్టాను. ఇంకో నకలు లేదని రాసినప్పుడు ఈ రెండేళ్ళ సంగతి మింగేశాను. నువ్వు నా నుంచి ఒక్క వరుస తీసుకుంటే, నేను నీ నుంచి రెండేళ్ళు తీసుకున్నాను.

ఆయన రిటైరయ్యాక నెలకోసారి పొద్దున్నే బయల్దేరి ఎక్కడికో పోయి సాయంత్రానికి ఒక స్టీలు గ్లాసుతో వచ్చేవాడు. "ఏందయ్యా ఇది, ఇల్లంతా గ్లాసులే చేసినావు" అని అమ్మ అరిచేది. "నచ్చింది, తెచ్చినా" అనేవాడు. మోకాళ్ళు పట్టేసి బస్సు ఎక్కడం మానేసేసరికి ఇరవై రెండు గ్లాసులు. ఆయన పోయాక ఒక పొద్దున ఆ రెండేళ్ళు చదివాను. ‘మార్కాపురం పోయినా. అమ్మాయి దుకాణంలో గ్లాసు కొన్నా. ధర చెప్పింది. ఇంకేమన్న కావాల్నా అని అడిగింది. ఏం వద్దమ్మా అన్నా.’ ప్రతి నెలా ఇదే. ఒకసారి ‘చిక్కింది’ అని, ఒకసారి ‘పచ్చ చీర’ అని. అంతకు మించి మార్పు లేదు.

నేను పుట్టినప్పటి నుంచి ఆయన నా ఎదురుగానే ఉన్నాడు. ఆయన్ను చూడాలంటే తల తిప్పితే చాలు. ఆయన కూడా నా కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. నీ కోసం కంభం మీదుగా అంత దూరం ఆ ఎండల్లో పోయేవాడు. నీకు నా యాభై ఎనిమిది వరుసల మీద కుళ్ళు. నాకు ఆ బస్సు మీద కుళ్ళు. ఆటో వచ్చే ముందు రోజే వాటిని తీసి దాచాను. నీకు అవి దొరకకూడదనే దాచాను.

పెన్ డ్రైవు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. యంత్రానికి గుచ్చితే తెరమీద బొమ్మ వస్తుంది, తెరిస్తే చాలు. ఇక నా దగ్గర నీది ఏమీ లేదు.

సుబ్బులు


మార్కాపురం,
18 డిసెంబరు 2023.

చెల్లెలు సుబ్బులుకు,

డ్రైవు క్షేమంగా చేరింది. ఆయన వచ్చిన ఇరవై రెండు సార్ల సంగతులూ చదివాను.

గడప తొక్కలేదని నీకు రాసినప్పుడు, ఇంటి గడప మాట చెప్పి దుకాణం గడప మింగాను. వచ్చిన మొదటి రోజే నేను ఆయన్ను గుర్తుపట్టాను. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. పాత్రల దుకాణానికి ఎవరూ అట్లా రారు. గ్లాసు అడిగాడు. కాగితంలో చుట్టి ఇచ్చాను. ఒక్క రూపాయి తగ్గించలేదు. ఆయనే ముందు ‘అమ్మా కామేశ్వరీ’ అంటాడని ప్రతి నెలా చూశాను. ఆయన నేనే ముందు పిలుస్తానని చూశాడేమో. తర్వాత రావడం మానేస్తే, మీరు రానివ్వలేదనుకొని మిమ్మల్ని తిట్టుకున్నాను. మోకాళ్ళని నాకేం తెలుసు?

నిన్న మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు అమ్మకు అంతా చెప్పాను. ఉత్తరాలు, నువ్వు, గ్లాసులు, అన్నీ.

"నాయన దుకాణానికి వచ్చేవాడు, నీకు తెలుసామ్మా?" అని అడిగాను.

"తెలియకేం? నాకేమన్న కండ్లు పోయినాయా?" అంది అమ్మ.

"మరి ఒక్క మాటన్నా మాట్లాడలేదేంది?"

"నువ్వు మాట్లాడినావా? నువ్వు మాట్లాడకపోతే నేనెట్ల మాట్లాడేది? వచ్చిన ప్రతిసారి, సొట్ట లేంది చూసి ఇయ్యి అని లోపల నుంచి నీకు చెప్పింది ఎవురు?"

నిజమే సుబ్బులూ. చెప్పేది. అందరి బేరాలకూ అట్లాగే చెప్తుందనుకున్నాను. నిన్నటి నుంచి ఎంత గుర్తు చేసుకున్నా, ఇంకెవరికీ అట్లా చెప్పినట్టు గుర్తుకు రావడం లేదు.

తర్వాత గిన్నెలు సర్దుతూ, "ఆ పిల్ల ఎట్లుంటది?" అని అడిగింది. నేను నిన్ను సరిగ్గా చూడలేదన్నాను. కర్మకాండల్లో నీ వైపు చూడకూడదని పంతం పట్టుకొని కూర్చున్నాను కదా. "పోయి చూసి రా" అంది. అన్నం కూడా తినింది.

వచ్చే సోమవారం పొద్దున బస్సుకు వస్తాను. కంప్యూటర్ తేవడం లేదు. అది ఇవ్వడానికి నాకింకా మనసు రావడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. పంతొమ్మిదేళ్ళదీ నీకోసం ఇంకో డ్రైవులోకి ఎక్కించి, ఫైలు ఫైలూ లెక్క చూసి పెట్టాను. ఏ ఏడూ ఖాళీ లేదు.

నా కుళ్ళు పోయిందని అనుకోకు. ఆయన తెచ్చిన గ్లాసులతో ఇన్నేళ్ళూ నీళ్ళు తాగింది నువ్వు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు దాని మీద కుళ్ళే.

ఒకటే నాకు తోచడం లేదు. మీ అమ్మను ఏమని పిలవాలి? వరుసకు పిన్నమ్మ అనాలి. నోరు వస్తుందో రాదో మీ గుమ్మం దగ్గరికి వస్తే గానీ తెలియదు. ఒకవేళ నేను మాట రాక అక్కడే నిలబడిపోతే, నువ్వు ఏమీ అనుకోకుండా చెయ్యి పట్టి లోపలికి తీసుకుపో.

అక్క
కామేశ్వరి